మామగారి పళ్ళు, అత్తగారి పళ్ళు, ఒక సినిమా

మా ఆయన పళ్ళసెట్లు చేస్తారు. పంటి డాక్టరు గది వెనక కిటికీ లేని ఇంకో గది ఉంది. అందులో ప్లాస్టర్ పొడి తలనిండా రాలుతుంటే కూర్చుని, ఎవరివో చిగుళ్ళ అచ్చుల మీద గులాబీ రంగు మైనం పరిచి, ఒక్కొక్క పన్నే నిలబెట్టడం ఆయన ఉద్యోగం. లోకంలో ఏ కష్టానికైనా మూలం పళ్ళలోనే ఉంటుందని ఆయన నమ్మకం. నేను అలిగినా ముందు నా దవడ పట్టుకుని చూస్తారు. పిచ్చి పలురకాలు అంటారు కదా, నాకు దక్కింది ఈ రకం.

మామగారు పోయాక మా అత్తగారు పళ్ళసెట్టు పెట్టుకోవడం మానేశారు. అది గ్లాసులో నీళ్ళ అడుగున నవ్వుతూ ఉండేది, ఆవిడేమో బోసినోటితో జావ తాగేవారు. అదీ సగం గ్లాసే. జాకెట్లు వదులైపోయాయి. దుప్పటి కప్పుకుంటే కింద మనిషి ఉన్నదీ లేనిదీ తెలిసేది కాదు. ఇలాగే సాగితే ఈవిడా మాకు దక్కరని నాకు భయం పట్టుకుంది. మా ఆయనకూ అదే భయం. కాకపోతే ఆయన భయం కూడా పళ్ళ మీదికే పోయింది.

"సెట్టు గుచ్చుకుంటున్నట్టుందమ్మా నీకు," అన్నారు.

"గుచ్చుకోవట్లేదురా. బాగానే ఉంది. నాకే వద్దు."

ఆయన వింటేగా! అరగదీశారు, మెరుగు పెట్టారు, చివరికి కొత్త సెట్టు చేసిచ్చారు. అది కూడా గ్లాసు పాలైంది. అప్పుడు తొలిచింది ఆయన్ని సినిమా పురుగు. బొమ్మల్ని కాస్త కాస్త జరుపుతూ ఒక్కో ఫొటో తీసి, అన్నీ వరసగా తిప్పితే బొమ్మలకు ప్రాణం వచ్చినట్టు కనిపించే సినిమా ఒకటి ఫోన్‌లో చూశారట.

"అమ్మ పాత సెట్టు జామకాయ కొరికి నమిలినట్టు తీస్తా. సెట్టులో లోపం లేదని కళ్ళారా చూస్తే తనే పెట్టుకుంటుంది," అన్నారు.

సెట్టులో లోపం ఉందని అత్తగారు ఎన్నడూ అనలేదు. ఈ మాట ఆయనకు ఎవరు చెబుతారు?

భోజనాల బల్ల షూటింగుకు పోయింది. దాని మీద తెల్ల దుప్పటి, బోర్లించిన బకెట్టు మీద ఫోను. దవడ కదలడానికి సెట్టు వెనక ఒక మైనం ముద్ద, ముందు మైనంతోనే పెదవులు. ఒక ఫొటో, వెంట్రుకవాసి కదలిక, మళ్ళీ ఫొటో. ఫ్యాను వెయ్యకూడదు, బల్లకు తగలకూడదు, తుమ్మకూడదు. మేము నేల మీద కూర్చుని తింటూ, తుమ్మొస్తే వీధిలోకి పరిగెత్తేవాళ్ళం.

ఒక పొద్దున చూద్దును కదా, బల్ల మీద ఇంకో సెట్టు! మామగారిది. బీరువాలో చేతిరుమాల్లో చుట్టి దాచినది.

"ఇదేమిటండీ?"

"ఒక్కటే కూర్చుని తింటుంటే చూడ్డానికి దిగులుగా ఉంది. తోడు పెట్టా," అన్నారు మా ఆయన.

గ్యాస్ సిలిండర్ తెచ్చినతను ఆ పూటే వచ్చాడు. బల్ల మీద ఎదురెదురుగా కూర్చున్న రెండు జతల పళ్ళనూ, స్పిరిట్ దీపంతో ఒకదాని పెదవి వెచ్చజేస్తూ "కొంచెం నవ్వు నాన్నా" అని బతిమాలుతున్న మా ఆయన్నీ చూశాడు. నిండు సిలిండర్ గుమ్మంలో దించి, ఖాళీది అడగకుండానే మెట్లు దిగిపోయాడు.

ఎండలు ముదిరాయి. ఫ్యాను వెయ్యని గదిలో ఒక మధ్యాహ్నం మైనం మెత్తబడి, మామగారి కింది పెదవి ఒక పక్కకు జారి వేలాడింది. మా ఆయన నెత్తి కొట్టుకుని సరిచేయబోతుంటే వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ముట్టుకోకు. మీ నాన్న అలిగితే అట్లాగే ఉంటాడు."

ఎవరూ పలకరించకుండా ఆవిడ నోరు విప్పి ఎన్నాళ్ళయిందో! ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇక జామకాయ సంగతి గాలికి పోయింది. "అంత తొందరగా దిగిరాడు ఆయన, పెదవి ఇంకా సాగదియ్యి" అని ఒకసారి, "నేనట్లా ఇకిలిస్తానట్రా, ముందు పళ్ళు నూరతాను" అని ఒకసారి. బతికున్నన్నాళ్ళు ఆ మొగుడూ పెళ్ళాలది పామూ ముంగిసల కాపురం. ఒకరు ఔనంటే ఇంకొకరు కాదనాల్సిందే. అయినా ఒకరు రాకుండా ఇంకొకరు కంచం ముందు కూర్చునేవారు కాదు. ఇప్పుడావిడ పోట్లాటలన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంటే మా ఆయన ఆ ప్రకారం తీసేవారు. పోట్లాటలు పెరుగుతున్నాయి గానీ, జావ గ్లాసు మాత్రం సగం దాటలేదు.

"ఇప్పుడు ఏ పోట్లాట తియ్యనమ్మా?" అని అడిగారు మా ఆయన ఒకరోజు.

"ఆఖరిది," అన్నారు అత్తగారు.

ఆ పోట్లాట మా ఇద్దరికీ తెలియదు. ఆవిడ బల్ల వైపు చూస్తూనే చెప్పారు.

"కూరలో ఉప్పు లేదన్నాడు. ఒకసారి కాదు, ముద్ద ముద్దకీ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నోరు మూసుకుని తినండి అన్నాను. మూసుకుని తిన్నాడు. తిని, నడుం వాల్చాడు. ఇక లేవలేదు. జన్మలో నా మాట విన్నది ఆ ఒక్కసారేరా. ఆ మాటన్న నోటితో నేనెట్లా తిననూ?"

మా ఆయన చేతిలో మైనం చల్లారిపోయింది. పళ్ళతో సంబంధం లేని బాధ ఒకటి ఆయన మొహంలో చూడటం నాకదే మొదలు. "పోనీలే అమ్మా, ఇది తియ్యను" అన్నారు.

"తియ్యి. కానీ ఆయన నోరు మూయించి వదిలెయ్యకు. మూయించింది నేను, నా ముందే తెరిపించు."

"తెరిచి ఏమనాలి?"

అత్తగారు మామగారి పళ్ళ వైపు తిరిగారు. 'నీ తప్పేం లేదే అంటాడు' అని చెబుతారనుకుని నేను కళ్ళు తుడుచుకోవడానికి కొంగు సిద్ధం చేసుకున్నాను.

"ఏమంటాడు? ఉప్పు లేదనే అంటాడు!"

"మరి నువ్వు?"

ఆవిడ కుర్చీ వెనక్కి తోశారు. లేచి, బల్ల మీదున్న తన సెట్టు పట్టుకుని, మైనం పెదవులు పీకేశారు.

"అమ్మా! షాటు పోతుంది!" అని కెవ్వుమన్నారు మా ఆయన.

"నా వేషం నేనే వేస్తాను," అని ఆవిడ కుళాయి దగ్గర సెట్టు కడిగి నోట్లో పెట్టుకుని వచ్చి, మామగారి పళ్ళకు ఎదురుగా కూర్చున్నారు. నన్ను అన్నం వడ్డించమన్నారు. వడ్డించాను. చిటికెడు ఉప్పు పట్టుకుని చెయ్యి గాల్లో ఆపారు. మా ఆయన మామగారి పై దవడ వెంట్రుకవాసి ఎత్తి ఒక ఫొటో, మళ్ళీ ఎత్తి ఒక ఫొటో తీస్తున్నారు. అత్తగారు కదలకుండా బొమ్మలా కూర్చున్నారు. ఉన్నట్టుండి విసుక్కున్నారు.

"ఇంతసేపేమిట్రా? బతికుండగా నన్ను తప్పుపట్టడానికి మీ నాన్నకి ఇంత ఆలస్యం ఎప్పుడూ కాలేదు."

నోరు పూర్తిగా తెరుచుకుంది. ఆవిడ ఆ పళ్ళ ముందు ఉప్పు ఉంచి, "వేసుకోండి" అన్నారు. అని, తన కంచంలో కూర కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. దవడ అటూ ఇటూ ఆడింది. మా ఆయన ఆవిడ నోటినే చూస్తూ ఫోను నొక్కడం మరిచిపోయారు. సినిమాలో ఆ ముద్ద లేదు.

మింగాక అత్తగారు నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఆయన అన్నాడని కాదు గానీ, కూరలో నిజంగానే ఉప్పు తక్కువైంది."

నా వంటకు వంక పెడితే మామూలుగా నేను ఊరుకునే రకం కాదు. ఆ రోజు మాత్రం ఏడుపొచ్చింది. ఉప్పు డబ్బా తెచ్చి ఆవిడ పక్కన పెట్టి, ఇంకాస్త అన్నం వడ్డించాను.