జేజి పట్టుకొని నడిచిన జొన్నదంటు

మా చిన్నప్పుడు... కోడుమూరు పక్క పల్లెలో మా మట్టిమిద్దె. సందెవేళ వంటింటి గడప దగ్గర నిలబడి మా జేజి కుడిచెయ్యి గోడకు ఆనించేది. జేజి అంటే మా నాయన తల్లి. రెండు కండ్లకూ పొర కమ్మి అప్పటికి మూడేండ్లు. ఎడమచేతిలో చమురుగిన్నె. గోడ తడుముకుంటూ, తొట్రుపడకుండా మెట్టు దిగి, పడసాల దాటి, ఆ చివరనున్న దీపంగూటి దగ్గర సరిగ్గా ఆగి దీపం వెలిగించేది.

చూపున్న మేమే ఆ మెట్టు దగ్గర తన్నుకొని పడేవాళ్లం...

కిటుకు గోడలో ఉంది. దస్తగిరి తాత మా ఊరి మేస్త్రీ. జేజికి చూపు పోయిన ఏడు గోడలు మెత్తడానికి వచ్చినప్పుడు ఆమే ఆయన్ని అడిగింది.

"ఏమప్పా దస్తగిరీ, చేనిగట్టు మీద పోతాంటే జొన్నదంట్లు చేతికి తగుల్తాంటాయి సూడు... అట్ల ఏమన్నా చేస్తావా ఈ గోడకు? దేవునికి దీపం నేనే పెట్టుకోవల్ల. అది కూడా చేతకాకపోతే ఇంక నేను మంచమెక్కినట్టే."

"దంటు చేస్తా, కంకి కూడా చేస్తాలే పెద్దమ్మా. కోతకు మాత్రం నన్ను పిలవాకు!"

ఎర్రమన్నులో పొట్టూ పేడా కలిపి, మూడు దినాలు నానబెట్టి తొక్కి, నడుమెత్తున గోడ పొడవునా ఉబ్బెత్తుగా దంటు తీశాడు. మొదటి మట్టిముద్ద గోడకు కొట్టేటప్పుడు ఆయన బిస్మిల్లా అన్నాడు, జేజి నరసింహా అంది. మెట్టు వచ్చేచోట ఒక కంకి, దీపంగూటి కింద ఇంకో కంకి. వాటిలో నిజం జొన్నగింజలే గుచ్చాడు.

"పిచ్చుకలు తింటాయేమో పెద్దమ్మా."

"తిననీలేప్పా. ఈ ఎండల్లో వాటికి మాత్రం యాడుండాది గింజ?"

అప్పటినుంచి ఏటా కళ్లం నుంచి ఇంటికొచ్చిన తొలి పిడికెడు జొన్నలు ఆ కంకుల్లోకే పోయేవి. తడిమన్ను పూసి జేజే ఒక్కొక్క గింజా బొటనవేలితో నొక్కేది. దాన్ని మా ఇంట్లో ఎవరూ అలంకారం అనలేదు... ఇండ్ల అలంకరణ మీద తర్వాత అల్మారా నిండా పుస్తకాలు చదివాను. ఎవరి కోసం అని అడిగిన పుస్తకం ఒక్కటీ కనబడలేదు.

ఇక మా చిన్నాయన సంగతి. నాయనకు తమ్ముడు. మద్రాసులో రెండేండ్లు చదివి, పరీక్ష తప్పి, దొరల బంగళాల బొమ్మలున్న పుస్తకం ఒకటి చంకన పెట్టుకొని తిరిగొచ్చాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, తాసీల్దారు మా ఇంటికి భోజనానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆ రోజే చిన్నాయనకు మా గోడ కనబడింది. దస్తగిరి తాతను పిలిపించాడు.

"ఛీ... ఇది ఇల్లా, చేనా? గోడంటే అద్దం మాదిరి ఉండాల. చెక్కెయ్ దస్తగిరీ."

దస్తగిరి తాత తాపీ ముట్టలేదు. "నేను చెక్కనప్పా. ఆయమ్మకు అది కండ్లు."

"కండ్లు లేనామెకు గోడ ఎట్లుంటే ఏమిలే!"

ఆ మాట జేజి వింది. మా నాయన అడ్డు చెప్పలేదు... చదువుకున్న తమ్ముడంటే ఆయనకు భయం.

కోడుమూరు నుంచి వేరే మేస్త్రీని తెచ్చారు. దంటు చెక్కేశారు, మెట్టు దగ్గరి కంకి చెక్కేశారు. దీపంగూటి కింది కంకి ఒక్కటే మిగిలినప్పుడు చిన్నాయన తాపీ నా చేతికిచ్చాడు. "నువ్వు కొట్టురా మొనగాడా!" నాకప్పుడు ఎనిమిదేండ్లు. కొట్టాను. గింజలు చిటపట రాలుతుంటే నవ్వాను కూడా. ఆ పైన సున్నం పూశారు.

తాసీల్దారు వచ్చాడు. లోపల పచ్చిసున్నం వాసన, ఉక్క. "ఇక్కడే బాగుందయ్యా, గాలి వస్తోంది" అని బయట అరుగు మీదే విస్తరి వేయించుకొని, తిని పోయాడు. ఇంట్లోకి తొంగి కూడా చూడలేదు.

ఆ సందెవేళ జేజి గడప దగ్గర చెయ్యి గోడకు ఆనించింది. చెయ్యి నున్నగా జారింది. పక్కన నేనున్నానని తెలుసు.

"దీపంగూటి కింద కంకన్నా ఉంచినార్రా, నాయనా?"

నేను పలకలేదు. ఆమె నడిచింది. మెట్టు ఎక్కడో చెప్పే కంకి లేదు...

తుంటి విరిగింది. అన్నట్టే మంచమెక్కింది. దీపం మా అమ్మ పెట్టేది. రెండేండ్లు జేజి ఆ నులకమంచం మీదే పడుకొని, నులకను బొటనవేలితో నొక్కుతూ నొక్కుతూ పోయింది. "నేల తడిగా ఉండింది, కాలు జారింది" అని చిన్నాయన చచ్చేదాకా చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఆయన మనవడు హైదరాబాదులో ఇండ్లకు లోపలి సింగారాలు చేయిస్తుంటాడు. పోయిన వారం ఇక్కడే, ఈ గ్రూపులోనే ఒక ఫోటో పెట్టాడు. ఎవరిదో పెద్ద హాలు, గోడ మీద జొన్నదంటు, కంకి. "భక్తి, ప్రకృతి... మా ముత్తవ్వ ఇంటి గోడే నాకు స్ఫూర్తి" అట! దాని కింద జనం ఒకటే చేతులు జోడించిన బొమ్మలు పెట్టడం. ఆ గోడ సంగతి వాడికి ఫోన్లో గంటసేపు చెప్పింది నేనే. వాళ్ల తాత వచ్చే సగం ఎగరగొట్టాడు. పోనీ, మిగిలిన సగమన్నా అర్థమైందా అంటే... కంకిని తీసుకుపోయి కప్పుకు జానెడు కింద, రంగుదీపాల మధ్య పెట్టాడు. ఎవరి చేతికి అందుతుంది నాయనా అది? ఇదే మాట కింద రాస్తే "థాంక్యూ తాతయ్యా" అని ఒక పువ్వుబొమ్మ పంపాడు.

డాక్టర్లు రెండుసార్లు కోసినా నా కండ్లూ ఇప్పుడు మసకే. రోజూ సందెవేళ లైటు మీట కోసం గోడ తడుముతాను. అద్దం మాదిరి గోడ... చిన్నాయన చూస్తే మురిసిపోయేవాడు. ఎక్కడ ఆగాలో మాత్రం నాకు తెలియదు.

మీ ఇండ్లల్లో గోడ పట్టుకొని నడిచిన పెద్దలుంటే చెప్పండి... వాళ్ల చేతికి ఏం తగిలేదో రాయండి. నా చేత్తో నేనేం చేశానో చెప్పాను కదా.