కరెంటు కబురందుకునే ఫోను

బెళుగుప్ప దగ్గరున్న మా అక్క వాళ్ల చీనీ (బత్తాయి) తోటకు పోయినప్పుడల్లా నా చూపు మొదట బావ చొక్కా జేబు మీద పడుతుంది. ఆ జేబులో ఫోను మోగితే పొలాలకు కరెంటు వచ్చినట్టు. బోరు కాడి స్టార్టరు పెట్టెలో ఒక సిమ్ము ఉంది. కరెంటు రాగానే అది బావకు ఫోను చేస్తుంది. ఆయన ఎత్తి ఒక అంకె నొక్కితే మోటారు తిరుగుతుంది. ఎత్తకపోతే ఆ రోజుకు చెట్లకు తడి లేదు.

మోటారు దానంతటదే తిరిగేట్టు ఆటోలోనూ పెట్టవచ్చు. ఒక ఎండాకాలం బావ అట్లాగే పెట్టి పెండ్లికి పోయాడు. బోరులో నీళ్లు అడుగంటాయి. మోటారు వట్టిగా తిరిగి తిరిగి కాలిపోయింది. అప్పటినుంచి ఆయనకు ఆటో అంటే గిట్టదు. ఫోనులో భద్రతా అప్‌డేట్లు కూడా వాటంతటవి ఎక్కకుండా ఆపేశాడు.

"కరెంటొచ్చే పొద్దుకు ఇది ఆరిపోయి మళ్లీ లేస్తా కూసుంటే, చెట్లకు నువ్వు పోస్తావా నీళ్లు?" అని ఒకసారి నన్నే ఎదురడిగాడు. ఏళ్ల తరబడి కరువు వార్తలు రాసినవాణ్ణి. పిందె మీదున్న చీనీకి వరసగా తడులు తప్పితే ఏమవుతుందో చూసినవాణ్ణి. అప్‌డేటు మాట అంతటితో వదిలేశాను.

మొన్న వేసవిలో పోయినప్పుడు వరండాలో కూర్చోగానే ఫోను నా ముందుకు చాపాడు.

"ఇది సూడప్పా. ఫోనుకు భద్రత పోయిందంట. నా అద్దాలు యాడ పెట్టినానో. యాడ నొక్కాలో నువ్వే సెప్పు."

వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలు అది. బావ దాన్ని అప్పటికే దించుకున్నాడు. ఎక్కించమంటారా అని ఫోను అడుగుతోంది. అది ఎక్కితే ఫోను పరాయివాడి చేతికి పోయినట్టే. నడి ఎండాకాలం కరెంటు కబురు వినేదానికి నమ్మకమైన ఫోనే ఉండదు.

"ఎవరు పంపినారు బావా?"

"ఎవురో తెలీదు. తెలుగులో మర్యాదగా రాసినాడు. దయచేసి అన్నాడు."

"నీ ఫోను తనంతట తానే అప్‌డేటు చెయ్యమని నెలల నుంచి అడుగుతాంటే తోసేస్తివే?"

"అది ఇంగ్లీషులో అడుగుతాది, పోలీసోని మాదిరి."

గడప దగ్గర చెనక్కాయలు ఒలుస్తున్న అక్క తలెత్తింది. "అద్దాలు కనపడకపోయేదే మంచిదాయ. వెతికి తెచ్చిచ్చింటే కొంప మునిగిండేది."

ఆ ఫైలు తీసేశాను. ఇంకేమైనా ఎక్కిందేమోనని ఫోనంతా గాలించాను. ఏమీ లేదు.

అసలు అప్‌డేటు సంగతి మిగిలింది. సెట్టింగుల్లో చూస్తే, రాత్రిపూట మాత్రమే దానంతటదే ఎక్కేట్టు పెట్టే వీలుంది. అక్కడ పొలాలకు కరెంటు ఇచ్చేది పగలే. ఆ మాటే చెప్పాను.

బావ గడ్డం గోక్కున్నాడు. "తెల్లారి మోగకపోతే?"

"నేనే బోరు కాడికి పోయి మోటారు వేస్తా."

"నువ్వా? ఆ గట్టు మీద నిన్ను నడిపించేదానికే ఇద్దరు మనుషులు కావాల." అయినా ఒప్పుకున్నాడు.

పొద్దున నేను లేచేసరికి అప్‌డేటు పూర్తయి ఉంది. బావ మంచం మీద, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కండ్లు ఎర్రగా ఉన్నాయి. అక్క ఇచ్చిన టీ తాగకుండానే చల్లారి తొరక కట్టింది. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది.

ఫోను మోగింది.

బావ ఎత్తి అంకె నొక్కాడు. కాసేపటికి తోటలో డ్రిప్పు పైపులు బుస్సుమన్నాయి.

"రాత్రంతా నువ్వు కాపలా కాస్తివి. ఇంగ ఇది ఆటో ఎట్లయితాది?" అంది అక్క.

బావ ఆ ఫోను నా చేతిలో పెట్టి, తువ్వాలు మొహాన కప్పుకొని అక్కడే ఒరిగాడు. మా అక్క టీ గ్లాసు తీసేలోపే గురక మొదలైంది.