డ్యూటీ నుంచి వచ్చిన సర్వపిండి

మధ్యాహ్నం ఆఫీసులో టిఫిన్ డబ్బా మూత తీయగానే నువ్వులూ కరివేపాకూ కలిసిన సర్వపిండి వాసన వచ్చింది. గోదావరిఖనిలో మా క్వార్టర్ గడప మీద కూర్చున్నట్టే అనిపించింది.

తెలంగాణ రాకముందు మాట. నాయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆయన కోసం ఎవరొచ్చినా అమ్మ "డ్యూటీల ఉన్నడు" అనేది. మేనత్త పెద్దపల్లిలో ఉన్నట్టే నాయన డ్యూటీలో ఉంటాడని, అదీ ఒక ఊరేనని నేను నమ్మాను.

అమ్మ సర్వపిండి చేసిన రోజు, ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చిన నాయన సద్దిగిన్నెలో ఒక ముక్క తప్పకుండా ఉండేది. మెత్తబడి, కాస్త బొగ్గు వాసనతో ఉండేది. ఆ ఊరివాళ్లే నాకోసం పంపారనుకునేదాన్ని.

"అమ్మా, నువ్వు చేసిందానికన్న డ్యూటీల చేసిందే మంచిగున్నది," అన్నానొకసారి. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

ఎండాకాలం సెలవుల్లో నాయన వెంటపడ్డాను. "నన్ను గూడ డ్యూటీకి తోల్కపో నాయనా."

నాయన నవ్వలేదు. ఎంత కడిగినా ఆయన కళ్ల అంచుల్లో బొగ్గు కాటుకలా మిగిలే ఉండేది. నా తల నిమిరి, "గా ఊరు నీకద్దు బిడ్డా. నీకేం గావాల్నో చెప్పు, నేనే తెస్త," అన్నాడు.

ఆ ముక్క ఆయన తన ఆకలిలోంచి మిగిల్చిందని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. అప్పటికి నాయన లేడు.

ఇప్పుడు నేనూ రోజూ డ్యూటీకే వెళ్తున్నాను. ఇవాళ ఒక ముక్క తినకుండా ఉంచి డబ్బా మూత పెట్టాను. సాయంత్రానికి అది మెత్తబడుతుంది. బొగ్గు వాసన మాత్రం రాదు.