వాగుడుకాయ మఠంలో చేరింది

మా మేనత్తను ఇంట్లో వాగుడుకాయ అనేవాళ్ళు. నిద్రలో కూడా ఎవరితోనో పేచీ పడేదట. అలాంటి మనిషి, నోరు విప్పకుండా బతికే మఠంలో చేరతానంటే మా నాయనమ్మ ఏడవలేదు, నవ్వింది. "దాని కంచం ఎత్తిపెట్టకండర్రా, సాయంత్రానికి వచ్చేస్తుంది" అంది.

మేనత్త రాలేదు. జుట్టు నెరిసినా రాలేదు.

ఆ మఠం కన్యాస్త్రీలు బడి నడపరు, ఆసుపత్రి నడపరు. గోడ దాటి బయటికి రారు. ప్రార్థనే వాళ్ళ పని. ఎన్నో తరాల కిందట ఎవరో ఒకావిడ, లోకం గోల పడలేని నలుగురిని వెంటేసుకుని మొదలుపెట్టిన పద్ధతట. తెల్లవారకముందే లేవాలి. గంట కొడితే గుడిలోకి, మళ్ళీ కొడితే పనిలోకి. పనంటే, పూజలో పంచే పల్చటి గోధుమ అప్పాలు కాల్చి, గుండ్రంగా కత్తిరించి చుట్టుపక్కల చర్చిలకు పంపడం. పిండి కావాలన్నా కత్తెర కావాలన్నా చేతి సైగలే. రాత్రి భోజనమయ్యాక మాత్రం కాసేపు మాట్లాడుకోవచ్చు. దీన్నీ ఒక బతుకంటారా అని నాకు చాలాకాలం అనుమానం. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మేనత్తకు అప్పగించింది తలుపు పని. అది తలుపు కూడా కాదు, గోడలో అమర్చిన గుండ్రటి చెక్క అలమారా. ఇరుసు మీద తిరుగుతుంది. బయటివాళ్ళు సబ్బులో కొవ్వొత్తులో అందులో పెట్టి గంట తాడు లాగితే, లోపలి మనిషి తిప్పి తీసుకుంటుంది. ఒకరి మొహం ఒకరికి కనపడదు. వచ్చేవాళ్ళు ఎక్కువగా తెచ్చేది మాత్రం కష్టాలే. "అమ్మా, మా ఆయన మళ్ళీ తాగుతున్నాడు." "మా అమ్మాయి నాతో మాట్లాడ్డం మానేసింది." అంతా విని మేనత్త, "తప్పకుండా ప్రార్థిస్తామమ్మా" అనేది. వాగుడుకాయకు లోకమంటే ఇక ఆ చెక్క సందే.

అలాంటిది ఆమెకు చెవులు పోయాయి. మెల్లగా, పూర్తిగా. మఠంలో ఒక్కరూ గమనించలేదు. ఎలా గమనిస్తారు? పగలంతా సైగలు. గుడిలో పక్కవాళ్ళు లేస్తే లేచేది, కూర్చుంటే కూర్చునేది. రాత్రి మాటల వేళ ఈమే వాగేది కాబట్టి ఇంకొకరికి సందు దొరికేది కాదు. తలుపు దగ్గర గంట నాలుక ఊగడం కళ్ళతో చూసేది. అరచెయ్యి చెక్కకు ఆనించి ఉంచేది. అవతల మాట్లాడుతున్నంతసేపూ చెక్క సన్నగా అదిరేది. అదురు ఆగితే, "తప్పకుండా ప్రార్థిస్తాం." సంగతి బయటపడితే మేడమీద గదిలో కుర్చీలో కూర్చోబెడతారు, తలుపు చేజారిపోతుంది. ఆమె భయమంతా అదే.

ఆఖరికి నీళ్ళ మోటారు పట్టిచ్చింది. అది పాడైతే మఠం పెద్ద, అందరూ మదర్ అని పిలిచే ఆవిడ, మెకానిక్‌కు కబురు పెట్టింది.

"సిస్టర్, మోటారు చూడ్డానికొచ్చా. గేటు తీయండి."

"తప్పకుండా ప్రార్థిస్తాం నాయనా."

"ప్రార్థన తర్వాత సంగతమ్మా. ముందు గేటు!"

"దిగులుపడకు, దేవుడు వింటాడు."

మర్నాడూ వచ్చాడు, మర్నాడూ ఆశీర్వాదమే దక్కింది. లోపల బిందెలు ఎండిపోయాయి. మూడో రోజు గోడ బయట నిలబడి గొంతు చించుకున్నాడు. "మదర్‌గారూ! మోటారు నన్ను బాగుచెయ్యమంటారా, దేవుడికే వదిలేయమంటారా?"

అప్పాలు కాల్చే గదిలో అందరూ తలెత్తారు. తలుపు దగ్గర కూర్చున్న ఒక్కతి తలెత్తలేదు.

మదర్ వెనకనుంచి పిలిచింది, మేనత్త తిరగలేదు. ఎదురుగా వచ్చి అడిగింది. "ఎన్నాళ్ళయింది?"

పెదాలు చూసి మేనత్త చెప్పింది. "గంట చప్పుడెలా ఉంటుందో మర్చిపోయేంత."

"వినకుండానే ప్రార్థిస్తానంటే అబద్ధం కాదూ?"

"ప్రార్థించాను కదా మదర్. ఎవరికేం కావాలో తెలీక, అన్నీ కలిపి."

నన్నడిగితే అబద్ధమే. మదర్ కూడా అలాగే అనుకుంది. తలుపు ఒక చిన్న సిస్టర్‌కు పోయింది, మేనత్తకు మేడమీద కుర్చీ దక్కింది. ఆ పిల్ల చక్కగా వింటుంది. కానీ కొత్త గొంతు వినగానే, ఆ పూట వచ్చిన ఆడవాళ్ళు "ఏం లేదులే అమ్మా" అని వెళ్ళిపోయారు.

మోటారు బాగుచేసి చేతులు కడుక్కుంటూ మెకానిక్ అడిగాడు. "ఆ పెద్ద సిస్టరేరీ?"

మదర్ ఉన్నమాట చెప్పింది. అతను బుర్ర గోక్కున్నాడు. "మా ఆవిడ వారం వారం ఆవిడ దగ్గరికే వస్తుందండీ. మధ్యలో అడ్డురాకుండా వినే మనిషి ఆవిడొక్కరేనంటుంది. నాకైతే చెవులు రెండూ ఉన్నాయి, మా ఆవిడ నాకేం చెప్పదు."

మదర్ ఆ సాయంత్రమంతా ఆలోచించింది. మర్నాడు అలమారా పైన ఒక బోర్డు వెలిసింది. "ఇక్కడ కూర్చునే సిస్టర్‌కు వినపడదు. పనిమీద వచ్చినవాళ్ళు పక్క గంట కొట్టండి." ఇక అబద్ధం లేదు. జనం రావడం తగ్గుతుందని మదర్ అనుకుంది. ఎక్కువయ్యారు. వినపడదని తెలిశాక, గుసగుసలు పోయే ఆడవాళ్ళు కూడా నోరారా చెప్పుకుంటున్నారు.

మొన్న చూడ్డానికి వెళ్తే, చుట్టాలు కలిసే గదిలో కటకటాల వెనకనుంచి మేనత్త అరిచినట్టే మాట్లాడింది. "ఏరా, ఆ మెకానిక్ కూడా వస్తున్నాడటరా! చెక్క తెగ అదురుతోంది. పెళ్ళాం మీదే అయ్యుంటుంది."

"మరి ఏమని ప్రార్థిస్తున్నావత్తా?" అన్నాను, పెదాలు బాగా కదిలిస్తూ.

"ఇద్దరికీ కలిపే" అంది.