బంద్ నాడు తీసిన ఆటో

మా పక్కింటి ఆటో అన్న పోయిన మంగళవారం కన్నుమూశాడు. పొద్దున బడిపిల్లలను దింపి వచ్చి, బండి వాకిట్లో ఆపి, వదినను మంచినీళ్లు అడిగాడట. ఆమె చెంబుతో వచ్చేసరికి డ్రైవరు సీటులోనే తల వాల్చి ఉన్నాడు. వదిన కేక విని నేను పరుగెత్తాను. పట్టుకుంటే చేయి ఇంకా వెచ్చగానే ఉంది. రోజూ చదువుకునే కీర్తనల్లో ఒక్క మాట కూడా ఆ నిమిషాన నా నోటికి రాలేదు.

ఆయన గురించి పేపర్లో రాదు. నాకు తెలిసింది నేను రాస్తున్నాను.

చిక్కపేట వెనక సందులో, ఒకే వఠారంలో, మా ఇళ్లు గోడకు గోడ. మేము ఆంధ్ర నుంచి వచ్చిన క్రైస్తవులం. వాళ్లది ఆనేకల్ దగ్గర. అమ్మ చిన్నప్పుడే పోతే చెల్లెలిని నేనే పెంచాను. బడిలో చెప్తాను కనుక నేను ఆయనకు టీచరమ్మను. నాకంటే పెద్దవాడు కనుక నాకు ఆయన అన్న.

ఆయన ఆటోలో, అద్దం పైన, ఒక సినిమా నటి ఫోటో ఉండేది. ఫ్రేము కట్టి, నాలుగు మూలలా ఇనుప తీగతో బిగించిన ఫోటో. కింద ఆమె సంతకం. లాల్‌బాగ్‌లో షూటింగు నాడు ఆమె కారు చెడిపోతే ఈయన బండి ఎక్కిందట. దిగేటప్పుడు తన చేత్తో ఆ ఫోటో ఇచ్చిందట. ఈ కథ వఠారంలో అందరికీ కంఠస్థం. వదినకు మాత్రం ఎన్నిసార్లు విన్నా కొత్తే.

“ముందు ఆయమ్మను మెజెస్టిక్ దాకా దింపినా అన్నాడు. పోయిన ఏడు యశవంతపురం దాకా పోయినాడు. ఇంగ రెండేండ్లకు మైసూరు చేరతాడు చూడు టీచరమ్మా!”

“నీకేం తెలుసమ్మే, ఆ పొద్దు రోడ్డు మూసేసుంటే సుత్తు తిరుక్కొని పోయినాం.”

“కట్టుకున్నదాని ఫోటో పర్సులో కూడా లేదు. ఆయమ్మకు అద్దం ఫ్రేము.”

“నిన్ను రోజూ చూస్తానే ఉండాను గదా, ఫోటో ఎందుకు?”

ప్రతి పొద్దునా బండి తీసేముందు ఆ ఫోటోను వేళ్లతో తాకేవాడు. ఆ రోజు బోణీ బాగుంటుందని నమ్మకం. మనిషిని మొక్కకూడదన్నా, అని ఒకసారి చెప్పాను. “మొక్కేది కాదు టీచరమ్మా. పలకరించేది. దినామూ కనిపించేవాళ్లను పలకరించకుండా పోతామా?” అన్నాడు.

ఆ నటి చిన్న వయసులోనే పోయింది. పన్నెండేళ్ల కిందటి మాట. పొద్దున రేడియోలో చెప్పారు. కాసేపటికే అంగళ్ల తలుపులు దిగాయి, బస్సులు ఆగిపోయాయి. అన్న గడపలో కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ రోజు ఏ ఆటో కదలకూడదని డ్రైవర్లంతా అనుకున్నారు. ఆయనా ఆ మాటకు సరేనన్నాడు.

సరిగ్గా ఆ రోజే, ఇంకా పది రోజులు గడువుందనగా, మా చెల్లెలికి పురిటి నొప్పులు వచ్చాయి. మరిది పని మీద వర్తూరు వెళ్లి బస్సుల్లేక అక్కడే చిక్కుకున్నాడు. చెల్లెలి పెదవులు తెల్లబడుతున్నాయి. నేను వాకిట్లోకి వచ్చి, అన్నను చూసి, అడగలేక ఆగిపోయాను. సొంత మనిషి పోయినట్టు కూర్చున్నవాణ్ణి ఏమని లేపేది? లోపలికి వెళ్లి మోకరించాను.

నా ప్రార్థన ముగియకముందే వదిన గొంతు వినిపించింది.

“ఏడ్చింది చాలు, లెయ్యి. పోయినామె పోయింది. వచ్చేది వస్తా ఉండాది.”

ఆయన లేచాడు. మొహం కడుక్కున్నాడు. సీటు తుడిచాడు. “అమ్మణ్ణిని పిలుచుకొని రా టీచరమ్మా” అన్నాడు, అంతే.

చిక్కపేట వీధులు అంత ఖాళీగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. తోపుడుబండ్లు గోడలకు చేరవేసి ఉన్నాయి. పెద్ద సర్కిల్ దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా రాళ్లు, కాలుతున్న టైరు, వంద మంది దాకా జనం. పేపర్లో పడిన ఆమె బొమ్మను అట్టకు అతికించి, సైకిలుకు కట్టి ఊరేగిస్తున్నారు. మమ్మల్ని చూసి కర్రలతో చుట్టుముట్టారు. ఈ రోజు కూడా బండి తోలతావా, సిగ్గు లేదా అని కన్నడంలో అరుస్తూ ఒకడు అన్న చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. లోపల చెల్లెలు నా చేతిని నలిపేస్తోంది. నేను కళ్లు మూసుకోలేదు. మూసుకుంటే ఆమె జారిపోతుందేమో అనిపించింది.

అన్న వాళ్లతో వాదించలేదు. మళ్లీ బండిలోకి వంగి, ఆ ఫోటోను రెండు చేతులా పట్టి లాగాడు. తీగ గీసుకుని వేళ్లు తెగాయి. ఇంకోసారి లాగాడు. ఊడి వచ్చింది.

“ఇది ఆయమ్మ చేత్తో ఇచ్చింది. సంతకం చూడండప్పా. ఆ పేపరు బొమ్మ తీసి దీన్ని పెట్టుకోండి. నన్ను పోనీండి. లోపల నొప్పులు పడే బిడ్డ ఉండాది.”

వాళ్ల భాషలోనూ మరోసారి చెప్పాడు. చొక్కా పట్టుకున్నవాడు వదిలేశాడు. ఒక పెద్దాయన ఫోటోను అందుకుని, అద్దం మీది నెత్తురు పంచె కొంగుతో తుడిచి, కళ్లకద్దుకున్నాడు. కర్రలు పట్టుకున్న ఆ చేతులే రాళ్లు పక్కకు తీశాయి. ఇద్దరు ముందు పరుగెత్తుతూ తర్వాతి సర్కిల్ దాకా దారి చేయించారు.

ఆసుపత్రి చేరిన అరగంటకు ఆడపిల్ల పుట్టింది. పేగు మెడకు చుట్టుకుని ఉందట. ఇంకాస్త ఆలస్యమైతే బతికేది కాదని డాక్టరమ్మ చెప్పింది. వరండాలో అన్న చేతికి కట్టు కట్టించుకుని కూర్చున్నాడు. ఆ నటి పేరే పెడదామా అని అడిగాను. “వద్దు టీచరమ్మా. ఆ పేరు ఆయమ్మతోనే పోనీ. ఈ బిడ్డకు దీని పేరే ఉండనీ” అన్నాడు.

తర్వాత ఆ ఫోటో కోసం ఆయన వెతికినట్టు నాకు తెలియదు. బాధగా లేదా అన్నా, అని చాలా ఏళ్లకు అడిగాను. “ఉన్నింటే ఈపాటికి ఎండకు వెలిసిపోయుండును. ముక్కు అప్పుడే సగం కనపడకుండా ఉండె” అని నవ్వేశాడు. ఖాళీ అయిన ఆ చోట ఇప్పుడైనా తన ఫోటో పెట్టమని వదిన పోరితే, “నువ్వు ఎదురుగా కూర్చుని చూస్తా ఉంటే నాకు బండి తోలేకి భయం” అన్నాడు. వదిన వారం రోజులు ఆ మాట అందరికీ చెప్పుకుని నవ్వింది.

అదృష్టం గురించి ఆయనకు పెద్ద ఆశలు లేవు. “తొక్కినప్పుడు బ్రేకు పడిందా, అదే అదృష్టం. ఇంకేం కావాల?” అనేవాడు. నేను దాన్ని దేవుని కృప అంటాను. మా ఇద్దరికీ దాని మీద ఎన్నడూ తగువు రాలేదు. రాత్రి ప్రార్థనలో ఇంట్లోవాళ్ల పేర్ల తర్వాత ఆయన పేరు చెప్పుకోవడం పన్నెండేళ్లుగా నా అలవాటు. ఈ వారమూ చెప్పాను. మానడం చేతకాలేదు.

బుధవారం పొద్దున ఆయన్ను తీసుకెళ్లారు. ఇరవై మంది ఆటోవాళ్లు, వఠారంవాళ్లు, మేము. ఆడవాళ్లం పెద్ద రోడ్డు దాకా వెళ్లి ఆగిపోవాలి. అక్కడ ఊరు ఊరిలాగే ఉంది. అంగళ్లు తెరిచే ఉన్నాయి. బస్సులు, లారీలు హారన్లు కొడుతూ ఒకదాని వెంట ఒకటి పోతూనే ఉన్నాయి. పాడె మోస్తున్నవాళ్లు రోడ్డు వారన నిలబడ్డారు. ఒకసారి అడుగు ముందుకు వేసి వెనక్కి తగ్గారు. భుజాల మీద ఆయన అటూ ఇటూ ఊగాడు.

అప్పుడు మా చెల్లెలి పన్నెండేళ్ల కూతురు నా చేయి విడిపించుకుంది. బడి యూనిఫారంలోనే నేరుగా రోడ్డు మధ్యకు నడిచి, రెండు చేతులూ ఎత్తి నిలబడింది. బస్సు కిర్రుమని దానికి మూరెడు దూరంలో ఆగింది. తిట్టడానికి తల బయటపెట్టిన డ్రైవరు పాడెను చూసి, తల లోపలికి తీసుకుని, ఇంజను ఆపేశాడు. వెనక లారీ ఆపింది. దాని వెనక ఇంకొకటి. రోడ్డంతా నిశ్శబ్దమైపోయింది.

ఆయన దాటిపోయాడు. చివరి మనిషి అవతలి వైపు చేరేదాకా అది చేతులు దించలేదు.