రెండో కేసెట్టు

"టీచరుగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయేరండీ" అని మంగళవారం పొద్దున పాలావిడ మా గుమ్మంలో నిలబడి చెప్పింది. గిన్నె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ముందు ఏడుపు రాలేదు. ఆవిడ గొంతు ఇంక ఎక్కడ వింటాం అనిపించింది. మా వీధిలో అందరి గొంతులూ దాచిన మనిషి. ఆవిడ గొంతు దాచాలని మాలో ఒక్కరికైనా బుద్ధి పుట్టిందా? లేదు.

రాజోలులో మాకు ఎదురిల్లే ఆవిడది. ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించీ దిద్దించీ రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు దుబాయి నుంచి తెచ్చిచ్చిన టేప్ రికార్డర్లు రెండు ఉండేవి. మా వీధిలో సగం ఇళ్ళ మగవాళ్ళు గల్ఫులోనే కదా, చదువు రాని తల్లులకీ, రాసే ఓపిక లేని కొడుకులకీ కేసెట్టే ఉత్తరం. అది తెగినా, నలిగినా టీచరుగారి అరుగెక్కాల్సిందే. పెన్సిలు, కొత్త బ్లేడు, అతుకు టేపు ముందు పెట్టుకుని, "చిక్కు పడిందని జుట్టు కత్తిరించేసుకుంటామా? ఓపిగ్గా తియ్యాలి" అనేవారు.

బాగుచేసి ఊరుకునేవారు కాదు. కిటికీలు మూసి, టేప్ రికార్డర్లు రెండూ ఎదురెదురుగా పెట్టి, ఒకదానిలో మోగుతున్నది రెండోదానిలో రికార్డు చేసేవారు. గదిలో ఎవరున్నా, "ఊపిరి కూడా గట్టిగా పీల్చకండి, అదీ పడిపోద్ది" అని గదిమేవారు. ఆ రెండో కేసెట్టు మీద ఇంటిపేరు రాసి తన ట్రంకు పెట్టెలో పెట్టుకునేవారు. "ఒక కన్నూ కన్ను కాదు, ఒక కొడుకూ కొడుకు కాదంటారు. కేసెట్టూ అంతేనమ్మా. రెండూ మీ ఇంట్లోనే ఉంటే వరదొస్తే రెండూ పోతాయి."

మా ఆయన మస్కట్ వెళ్ళిన కొత్తలో మూడు నెలలు కబురు లేదు. చివరికి ఎవరి చేతో ఒక కేసెట్టు పంపారు. ఆత్రంగా ఒక్కసారి విన్నాను. రెండోసారి పెట్టానో లేదో, మా టేప్ రికార్డరు రీలంతా నమిలేసింది. చంటిదాన్ని చంకనేసుకుని ఎదురింటికి పరిగెత్తాను. మూడో రోజున ఆవిడ దాన్ని బాగుచేసి ఇస్తూ, "నకలు నా దగ్గరుందమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మా ఆయన నాతో చెప్పుకున్న మాటలు మీరెలా వింటారండీ?"

"వినకపోతే అతుకు కుదిరిందో లేదో ఎలా తెలుస్తాది తల్లీ? విన్నాను. మర్చిపోయేను కూడాను."

మళ్ళీ దానిమీద రికార్డు కాకుండా కేసెట్టు వెనకనున్న రెండు ప్లాస్టిక్ ముక్కలు విరిచి మరీ ఇచ్చారు. నేనేమైనా తక్కువదాన్నా! వచ్చిన కేసెట్టు మీదే జవాబు చెప్పి పంపడం మా అందరికీ అలవాటు. ఆ కన్నాల్లో కాగితం కుక్కి, మా ఆయన మాటల మీద నా మాటలు ఎక్కించి పంపేశాను. ఆర్నెల్లు ఆవిడతో ముభావంగా ఉన్నాను. ఆఖరికి ఆవిడే పనసతొనలు పట్టుకొచ్చి, "కోపం పోయిందా?" అన్నారు. "ఆయ్" అన్నాను, సిగ్గుపడుతూ. చెరిపేసుకున్నానని చెప్పడానికి మాత్రం మొహం చెల్లలేదు.

భూస్థాపన అయ్యాక ఆవిడ మరదలు ట్రంకు పెట్టె తెరిచి ఎవరి కేసెట్టు వాళ్ళకిచ్చింది. "ఆవిడ మాట్లాడినది ఒక్కటైనా ఉందాండీ?" అని అడిగాను. "లేదండీ, మా వదినగారు తన గొంతు దేంట్లోనూ పట్టలేదండీ" అంది.

ఇంటికొచ్చి మాది పెట్టాం. మస్కట్ వదిలి వచ్చేసిన మా ఆయన పక్కనే కూర్చున్నారు. ఆయన పాత గొంతు, నీరసంగా: "పది రోజులు జొరమే. మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. బెంగ పెట్టుకుంటావని రాయలేదు." ఇదంతా నాకు గుర్తున్నదే. ఆ వెంటనే, గదిలో ఓ మూల నుంచి, మెల్లగా, "అయ్యో, నాయనా" అని వినిపించింది.

టీచరుగారే. ఊపిరి పీల్చొద్దన్న మనిషి, ఆపుకోలేకపోయారు.

మా ఆయన రీలు వెనక్కి తిప్పి తిప్పి అదే విన్నారు. తర్వాత ఎదురింటికి వెళ్ళి ఆవిడ టేప్ రికార్డరు అడిగి తెచ్చారు. కొత్త కేసెట్టు వేసి, రెండూ ఎదురెదురుగా పెట్టారు. మా అమ్మాయి కిటికీలు మూసింది. నేను పైట కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.