రేడియేటరుకు అడ్డం పెట్టిన అట్ట

హిల్యా పొద్దున్నే లేచి, ఇంజిన్ గడ్డకట్టకుండా కారుకు రాత్రంతా తగిలించి ఉంచిన కరెంటు తీగ పీకి, చుట్ట చుట్టి స్తంభానికి వేలాడదీసింది. ఆ పని చెయ్యాలని అనుకుని చెయ్యలేదు. చేతులు వాటంతటవే చేశాయి. సెప్టెంబరులో భర్త తౌనో పోయినప్పటి నుంచీ ఆమె పనులన్నీ అలాగే జరుగుతున్నాయి.

ఆమె ఉద్యోగం ఊళ్ళ వెంట తిరిగి ముసలివాళ్ళకు మందులివ్వడం, కట్లు కట్టడం. అందరికంటే దూరం ఈసక్కి ఇల్లు. అడవి దారి పట్టుకుని పోతే, దారి ఆగిపోయిన చోట ఆయన ఒక్కడే ఉంటాడు. చక్కెర జబ్బు కళ్ళను తినేసింది. రోజూ పొద్దున ఆమె వెళ్ళి సూది మందు వేస్తే గాని ఆయన జావ ముట్టడు.

ఆ ఏడు చలి ముందే వచ్చి తిష్ట వేసింది. తీగ పుణ్యమా అని ఇంజిన్ ఠక్కున స్టార్టయ్యేది కాని, అడవి దారిలోకి తిరిగేసరికి ఉన్న వేడంతా ముందునుంచి కొట్టే గాలికి ఆరిపోయేది. హీటర్ చల్లగాలి ఊదేది. ఊపిరి ముందు అద్దం మీద లోపలి వైపు గడ్డకట్టేది. ఆమె ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో అద్దం గీకుతూ నడిపేది. చలేస్తోందని కూడా అనుకోలేదు. పాదాలు ఉన్నాయో లేవో తెలియకపోవడం ఆమెకు కొత్తగా తోచలేదు.

చివరికి ఒకరోజు రెయిన్‌డీర్ల కంచె మలుపు దగ్గర అద్దం పూర్తిగా మూసుకుపోయింది. కారు పక్కనున్న గోతిలోకి దిగింది. దెబ్బలేమీ తగల్లేదు. ఎవరో ట్రాక్టరు తెచ్చి బయటికి లాగి, ఆమె ఒళ్ళో ఒక కంబళి పడేసి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయారు. కబురు మాత్రం ఆఫీసుకు చేరింది. పై ఉద్యోగిని మర్కెత్తా ఫోను చేసింది.

"హిల్యా, నిన్ను తప్పు పట్టడం లేదమ్మా. కాని ఇంకోసారి ఇలా అయితే నేను ఊరుకోలేను. ఈసక్కిని చర్చి ఉన్న ఊళ్ళో వృద్ధుల ఆశ్రమానికి మార్పించేస్తాను. అక్కడైతే ఈ దారి బాధ నీకూ ఉండదు."

"సరే," అంది హిల్యా.

మర్నాడు ఆయన గడప తొక్కుతూ, ఆ వైపు భక్తులందరిలాగే, "దేవుని క్షేమం" అంది.

"దేవుని క్షేమం," అన్నాడు ఈసక్కి బల్ల దగ్గర నుంచి. "ఏం పిల్లా, నన్ను ఆశ్రమానికి తోలేస్తారటగా? మర్కెత్తా ఫోన్లో నాక్కూడా చల్లగా చెప్పింది."

"ఇంకోసారి గోతిలో పడితేనే."

"అక్కడ కిటికీలు తెరవనివ్వరంట. మా ఆవిడ ఈ గదిలోనే పోయింది. నేనూ ఇక్కణ్ణుంచే పోదామని దేవుణ్ణి అడుగుతున్నా. నా మాట ఆయన వింటాడేమో గాని, మర్కెత్తా వినదు." సూది గుచ్చుతుంటే ఆయన కదల్లేదు. తర్వాత అన్నాడు: "నీ ఇంజిన్ చల్లగా తిరుగుతోంది. పెరట్లోకి రాగానే చప్పుడు చెప్పింది. ముప్పై ఏళ్ళు దుంగల లారీ తోలానే నేను. తౌనో రేడియేటరుకు అట్ట అడ్డం పెట్టలేదూ?"

"పెట్టలేదు. సెప్టెంబరులోనే పోయాడుగా."

ముసలాయన తల దించుకున్నాడు. "అవును. సెప్టెంబరులో అట్ట ఎవరు పెడతారు."

ఆయన చెబితే ఆమె అటక మీది కాఫీ అట్టపెట్టె దింపింది. వద్దంటున్నా వినకుండా ఆయన తోలుకోటు తొడుక్కుని పెరట్లోకి వచ్చాడు. కారు ముందు వంగి, కనపడని కళ్ళతోనే జానలు వేసి కొలిచాడు. ఆమె కత్తితో కోసింది. చలిగాలి ఇంజినుకు కొట్టకుండా, ముందున్న జాలీకీ రేడియేటరుకీ మధ్య సందులోకి అట్టను జారవిడిచారు.

"ఈ చలికి మొత్తం మూసినా పర్లేదు. చలి తగ్గిన రోజున సగం తీసెయ్యాలి. లేదంటే ఇంజిన్ ఉడికిపోతుంది. వేడి చూపించే ముల్లు మీద ఓ కన్నేసి ఉంచు. విన్నావా?"

ఆమె తలాడించింది.

"తలాడిస్తే నాకేం కనపడుద్ది పిల్లా! నోరు తెరిచి చెప్పు."

"విన్నాను పెద్దాయనా."

ఆ రోజు దారి సగం దాటకముందే ముల్లు మధ్యకు వచ్చింది. అద్దం కడిగినట్టు తేటగా ఉంది. ఆమె గీకుడుబద్దను పక్క సీటు మీద పడేసింది. తర్వాతి రోజులూ అంతే. కారు లోపల వేడి పుట్టింది గాని, ఆమెకు సంతోషం కలగలేదు. పని జరుగుతోంది, అంతే. రాత్రి ప్రార్థనలో మాటలు పెదాల మీదుగా వెళ్ళిపోయేవి. అయినా ఆమె ప్రార్థన మానలేదు.

అలా ఉండగా ఒక రాత్రి గాలి మళ్ళింది. పొద్దున చూరు నుంచి నీటిచుక్కలు పడుతున్నాయి. పక్కింటావిడ పారతో మంచు ఎత్తుతూ, "చలి మెత్తబడింది కదూ హిల్యా!" అంది. "ఊఁ," అని హిల్యా కారెక్కింది. సెప్టెంబరు నుంచీ ఆమె వాతావరణాన్ని పట్టించుకోవడం మానేసింది. గోడమీది ఉష్ణమాపకం వైపు ఆ పూట కూడా చూడలేదు.

అడవి ఎత్తెక్కుతుంటే తడి మంచు ఎదురు కొట్టింది. ఇంజిన్ మూలుగుతోంది. తియ్యగా, మాడినట్టు ఏదో వాసన. అప్పుడు ముల్లు చూసింది. ఎర్రగీత అంచున ఉంది.

ఆపి, దిగి, బోనెట్ మీద చెయ్యి పెట్టి వెంటనే వెనక్కి లాక్కుంది. ఇంటి దగ్గర ఈసక్కి ఏమీ తినకుండా కూర్చుని ఉంటాడు. మర్కెత్తాకు తెలిస్తే ఇక రెండో మాట ఉండదు. ఫోను తీసి ఆయనకే చేసింది. "పెద్దాయనా, ఇంజిన్ ఉడికింది. ఆలస్యమవుతుంది."

"ఆకలి నన్నేం చెయ్యదు. నిమ్మళంగా రా. పిల్లా, మర్కెత్తాకు..." అని ఆగిపోయాడు.

"చెప్పలేదు," అంది హిల్యా.

ఆ చలి దేశంలో ఆగి ఉన్న కారును చూసి దాటిపోయే మనిషి ఉండడు. దుంగల లారీ ఒకటి వచ్చి వెనకాలే ఆగింది. డ్రైవరు యల్మరీ దిగాడు. ప్రార్థన మందిరంలో తౌనో పక్క బెంచీలో కూర్చునే మనిషి. కారు ముందుకొచ్చి చూసి, తొడ చరిచి నవ్వాడు.

"అట్ట తియ్యలేదా! ఎండాకాలం వచ్చేసిందమ్మా, సున్నా మీద ఒక డిగ్రీ! నేను చొక్కాతో తిరుగుతున్నా, నువ్వు కారుకు కోటు తొడిగావా?"

"మర్చిపోయాను."

"మా నాన్న అయితే ఇంజినే తగలెట్టాడు. ఈ వైపు అట్ట మర్చిపోని ఇల్లు ఏదైనా ఉంటే చూపించు. హీటర్ గట్టిగా తిప్పు. ఇంజిన్ వేడంతా లోపలికి లాగేస్తది." అట్ట పైకి లాగి, మోకాలి మీద పెట్టి రెండుగా విరిచాడు. సగం వెనక్కి పెట్టి, మిగతా సగం చంకలో పెట్టుకున్నాడు. "తౌనో ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు."

"వచ్చేది కాదు," అంది హిల్యా.

యల్మరీ నవ్వు ఆగిపోయింది. బూట్లతో మంచు తన్నుతూ నిలబడ్డాడు. తర్వాత లారీలోకి వెళ్ళి, ఫ్లాస్కులోంచి కాఫీ వంపి, ఆ వైపు అలవాటు ప్రకారం అందులో జున్నుముక్క వేసి తెచ్చాడు. ఆమె తాగేదాకా గాలికి అడ్డంగా నిలబడ్డాడు. ముల్లు దిగింది.

"ముందు నువ్వెళ్ళు. అడవి మలుపు దాకా వెనకాలే వస్తా. దేవుని శాంతిలో వెళ్ళు."

ఎత్తు ఎక్కుతుంటే హీటర్ గాలి నిప్పులా పాదాలకు తగిలింది. మంచులో నిలబడి మొద్దుబారిన పాదాలు నొప్పెట్టడం మొదలెట్టాయి. మొదట వేళ్ళు, తర్వాత మడమలు. కళ్ళు చెమర్చేంత నొప్పి. ఆమె హీటర్ తగ్గించలేదు. అలాగే నడిపింది.

ఈసక్కి తలుపు తీసుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆమె సూది మందు వేసింది, జావ వేడి చేసి ముందు పెట్టింది. ఆయన రెండు చెంచాలు తిన్నాడో లేదో, ఫోను మోగింది. మర్కెత్తా.

"యల్మరీ వాళ్ళావిడ చెప్పింది. దారిలో ఆగిపోయావట. హిల్యా, నేను ఏమన్నానో గుర్తుందా?"

ఈసక్కి చెంచా గిన్నె అంచున ఆగింది.

"గుర్తుంది. గోతిలో పడలేదు. అట్ట తియ్యడం మరిచాను. తప్పు నాదే, దారిది కాదు," అంది హిల్యా. ఆ ఇంట్లో ఆమె ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడి చాలా కాలమైంది. "రేపు నేనే వస్తాను. ఎల్లుండీ నేనే. వేసవి దాకా ఈయన్ని ఎక్కడికీ పంపొద్దు."

అవతల నిట్టూర్పు వినిపించింది. "పొద్దున్నే ఉష్ణమాపకం చూస్తావా?"

"చూస్తాను."

"అయితే సరే. వేసవికి మళ్ళీ మాట్లాడదాం."

ఆమె ఫోను పెట్టేసింది. ఈసక్కి తడుముకుంటూ రెండో కప్పు వెతికి, కాఫీ పోసి, బల్ల మీద ఆమె వైపు జరిపాడు. తర్వాత జావ తినసాగాడు. హిల్యా బూట్లు విప్పి, నొప్పి తగ్గేదాకా పాదాలు ఒత్తుకుంటూ కూర్చుంది.